తూబా మరిచిపోయిన వరసలు

ఇరాన్‌లోని మా రావర్‌లో తివాచీ నమూనాను కాగితం మీద చూసి నేసేవాళ్ళు ఆ రోజుల్లో తక్కువ. ఒకరు పాడతారు, మిగతావాళ్ళు ముడి వేస్తారు. మా మగ్గానికి పాడేది తూబా. “రెండు ఎరుపు, ఒక తేనెరంగు, మూడు నీలం” అని ఆమె రాగం తీస్తే, కుడి చివరనున్న మాహ్‌రుఖ్ ముడి బిగించి “వచ్చింది!” అనేది. ఆ తరవాతే ఇంకో మాట. ఎడమ చివర నేను. ఏడు నమూనాలు తూబా నోట్లోనే ఉండేవి.

రెండో కాన్పులో ఆమెకు రక్తం ఆగలేదు. బతికింది గాని పాలు పడలేదు. ఆ వారమే మాహ్‌రుఖ్ బాలింతకు పెట్టే కాచీ హల్వా ఒక గిన్నెలో పట్టుకుని చూడ్డానికి వచ్చింది. ఆమెకు పెళ్ళయి నలభై రోజులు నిండలేదు. బాలింత ఇంట కొత్త పెళ్ళికూతురు అడుగుపెడితే ఒకరి నలభై రోజుల కీడు ఇంకొకరి మీద పడుతుందని మావాళ్ళ నమ్మకం. తూబా అత్తగారు నొస్రత్ గుండె బాదుకుంది.

“సిగ్గులేకుండా ఎట్లా వచ్చావే? నా కోడలి పాలు ఎండగట్టావు!”

“పాలు ముందునుంచీ లేవు కదత్తా...”

“నోర్మూసుకుని నడు!”

గిన్నె అక్కడే వదిలి వెళ్ళింది మాహ్‌రుఖ్. మళ్ళీ మా మగ్గం దగ్గరికి రాలేదు.

తూబాకు నడివేసవిలోనూ చలి. కనుబొమలు పలచబడ్డాయి. నెలసరి మళ్ళీ రాలేదు. పైగా వరసలు జారిపోసాగాయి. ఒకనాడు నీలం వరసను రెండుసార్లు పాడింది. జానెడు తివాచీ కత్తితో కోసి విప్పాల్సి వచ్చింది. ఆ కీడు పోవాలని నొస్రత్ నలభై తాళంచెవులు కట్టిన గిన్నెతో ఆమె నెత్తిన నీళ్ళు పోయించింది. ఫలితం లేదు. తూబా పాడటం మానేసి మూలన కూర్చుని ఉన్ని ఉండలు చుట్టేది.

“తూబా, ఇవాళ ఏ వారమో చెప్పు చూద్దాం!” అని మావాళ్ళు ఆటపట్టించేవారు. తనూ నవ్వేది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

పద్నాలుగేళ్ళ తరవాత ఒక చలికాలం ఆమె స్పృహ తప్పి పడిపోతే కెర్మాన్ పట్నం తీసుకెళ్ళాం. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: “మీ చిన్నవాడికి పాలిచ్చారా అమ్మా?”

అంతకుముందు ఏ వైద్యుడూ అది అడగలేదు.

మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుందట. కాన్పునాడు నెత్తురు అందక అది ఎండిపోయింది. ముందు రెండు రకాల మాత్రలిచ్చి, కొన్ని నెలలు గడిచాక పెరుగుదల హార్మోను సూది మొదలుపెడదామన్నాడు.

“ఈ వయసులో నన్ను పొడుగు చేస్తావా బాబూ? అయితే మగ్గం కూడా పెంచాలి” అంది తూబా.

ఆయన నవ్వాడు. “ఎత్తు కోసం కాదమ్మా. మెదడులో ఒక కణం ఇంకోదానికి కబురు పంపుతుంది. నేర్చుకునేచోట, గుర్తుపెట్టుకునేచోట ఆ కబురు బలంగా అందడానికి ఈ హార్మోను సాయపడుతుంది. మీ మగ్గం మీద పాడేవాళ్ళున్నా, వినేవాళ్ళకు సరిగా వినబడకపోతే ఎట్లా ఉంటుందో అట్లా. అందరికీ గుణం ఒకేలా రాదు. పాతవన్నీ తిరిగొస్తాయని మాటివ్వలేను.”

ఏడాది సూదులు పొడుచుకుంది. పాత నమూనాల్లో మూడే తిరిగొచ్చాయి. అయితే ఒక కొత్త నమూనాను, కాగితం ముందు పెట్టుకుని, వారానికి నాలుగు వరసల చొప్పున కంఠతా పట్టింది. అప్పుడు కాచీ తెచ్చిన ఆ పాత గిన్నెను తోమి, నిండా పిస్తాలు పోసి, నన్ను వెంటబెట్టుకుని మాహ్‌రుఖ్ గుమ్మానికి వెళ్ళింది.

“నీ నలభై నామీద పడలేదే. నా నెత్తురు పోవడంవల్ల వచ్చిన జబ్బట.”

మాహ్‌రుఖ్ గిన్నె అందుకుంది. “నావల్లేననుకున్నా అక్కా. అందుకే ఇన్నేళ్ళూ మీ గడప తొక్కలేదు” అంది. ఏడవలేదు. పిస్తాలు ఒంపుకుని, చెప్పులేసుకుంది.

మర్నాడు కుడి చివర ఆమె కూర్చుంది. తూబా రెండు వరసలు పాడింది. మూడోదాని మధ్యలో ఆగిపోయింది. కాగితం మాహ్‌రుఖ్ ఒళ్ళోనే ఉంది, చదివి అందిస్తుందనుకున్నాను. ఆమె దాన్ని బోర్లా పెట్టి, చేతిలో దారం పట్టుకుని ఎదురుచూసింది.

“...ఒక దానిమ్మ ఎరుపు” అంది తూబా.

“వచ్చింది!” అంది మాహ్‌రుఖ్.