నల్లరాతి కనుమలో అండాలు బిడ్డ

2017 ఎండాకాలం. దేవరకొండ అవతల గుట్టల మధ్య కనుమ రోడ్డు వెడల్పు చేసే పని నాకు అప్పజెప్పారు. అప్పుడు నేను అసిస్టెంట్ ఇంజనీరును. కనుమకు ఒక పక్క డోలరైట్ డైక్, అంటే ఏనాడో భూమి అడుగున కరిగిన రాయి పగుళ్లలోంచి ఎగదన్నుకొచ్చి గోడలా గడ్డకట్టిన నల్లరాయి. రెండో పక్క రాకాసి గూళ్లు. బండరాళ్లు గుండ్రంగా పేర్చిన, ఎప్పటివో పాత సమాధులవి. వాటి జోలికి పోవద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సరేనని అలైన్‌మెంట్‌ను, అంటే రోడ్డు పోయే గీతను, నల్లరాయి వైపు, దానికి తగలనంత మేర జరిపి సున్నం పోయించాను. పని తెమిలిందనుకున్నాను. నా మొహం!

తెల్లారి వెళ్తే ఆ సున్నం గీత మీద ఒకావిడ కూర్చుని ఉంది. పేరు అండాలు, పక్క ఊళ్లో కంది చేను చేసుకునే మనిషి. లేవమంటే లేవదు. అసలే ఎండ, దానికి తోడు కాంట్రాక్టరు పోరు. కసురుకున్నాను.

"గీడ మా బిడ్డను బొంద పెట్టినం సారూ," అంది.

పాలు తాగే పిల్ల, జ్వరమొచ్చి పోయిందట. మా వైపు పసిబిడ్డలను కాల్చరు, పూడుస్తారు. గోరీ కట్టరు. రెండు రాళ్లు తప్ప అక్కడ గుర్తేమీ లేదు.

"తీసి వేరే జాగాల పెట్టిద్దామా అమ్మా?"

"పండుకున్న పిల్లను లేపుతరా?" అని రాకాసి గూళ్ల వైపు చెయ్యి చూపింది. "గా గూళ్లల్ల ఉన్నోళ్లు మీకేమైతరు?"

"ఏమీ కారు."

"ఎవలో తెల్వనోళ్ల కోసం తొవ్వ జరిపిన్రు. నా బిడ్డ మీదికెళ్లి బస్సు తోల్తరా?"

ఆ పూటకు పని ఆపించాను.

గీత ఇంకా జరగాలంటే నల్లరాయిని కోయాలి. కాంట్రాక్టరు లబోదిబోమన్నాడు. తల్లి దుఃఖం రాస్తే ఆఫీసులో ఫైలు కదలదు. అందుకే సైట్ డిస్టెన్స్, అంటే మలుపులో ఎదుటి బండి డ్రైవరుకు కనబడే దూరం, చాలడం లేదని రాశాను. అది అబద్ధమూ కాదు. మంజూరైంది.

రోడ్డు పూర్తయ్యాక మలుపులో 'హారన్ కొట్టండి' బోర్డు పాతిస్తుంటే అండాలు వచ్చింది.

"సారూ, గా బోర్డు జర దూరం పెట్టిస్తరా? పిల్ల ఉలిక్కిపడ్తది."

రాయి కోశాక ఎదుటి బండి బాగానే కనబడుతోంది, ఇక బోర్డు అక్కర్లేదు. పీకించేశాను.

ఇప్పటికీ ఎక్కడ గీత గీయాల్సి వచ్చినా ముందు ఆ ఊరి ఆడవాళ్లను పిలిచి అడుగుతాను: "ఇక్కడ మీ పిల్లలెవరైనా పండుకున్నారా అమ్మా?"