సముద్రంలో కాసిన బంగాళాదుంపలు

అరవైల చివర, గరివిడిలో ఒక మాంగనీసు కర్మాగారం ప్రయోగశాలలో నేను ప్రొబేషన్ మీద ఉన్న ఆ రోజుల్లో, నా తలలో మెదడు ఉండాల్సిన చోట ఆవిరి ఉండేదని ముందే ఒప్పుకుంటున్నాను. (ఆవిరి కాబట్టే అంత పైకి ఎగిరాను.) ఒక ఆదివారం పత్రికలో చదివాను: నడిసముద్రపు అడుగున, మైళ్ల లోతులో, బంగాళాదుంపల్లాంటి నల్లటి ముద్దలు పరుచుకుని ఉన్నాయట; వాటిలో మాంగనీసుతో పాటు నికెలు, కోబాల్టు, రాగి కూడా ఉన్నాయట; తీసినవాడిదే భాగ్యమట. ఆ పూట బంగాళాదుంప కూర వడ్డిస్తే ముక్కలు లెక్కపెట్టుకుని తిన్నాను.

మా అక్క మొగుడు కళింగపట్నం నుంచి వారం వారం గరివిడి సంతకు ఎండుచేపలు తెచ్చేవాడు. మాలో బావమరిదిని ఆటపట్టించడం బావలకు పెళ్లినాడే దఖలుపడే హక్కు. మా బావ దాన్ని బాధ్యతగా తీసుకున్నాడు. "మీ వలల్లో ఇలాంటివి పడవా బావా?" అని అడిగాను. బావ బుట్ట దించి, "ఓస్, అయ్యేట్రా బామ్మర్దీ! వల సిరిగిపోతన్నాదని తిట్టుకుంటా రోజూ ఇసిరీస్తన్నాం గదేటి!" అన్నాడు. "విసరకు బావా!" అని కాళ్లమీద పడ్డంత పని చేశాను.

పై సంతకు ముద్దలు వచ్చాయి. నాచు పట్టి, ఉప్పునీరు ఓడుతూ, ఒకదానికి పీతకాలు కూడా అతుక్కుని! (ఎండుచేపల బుట్టలో వస్తే ఏదైనా సముద్రం వాసనే వేస్తుందని నాకు తట్టలేదు.) ల్యాబులో ఆమ్లం వదిలే గాజుగొట్టంలా చుక్కచుక్కగా మాట్లాడతారని మేము బ్యూరెట్టుగారని పిలుచుకునే మా పెద్ద కెమిస్టు, నన్ను ఖాయం చేయాలో ఇంటికి పంపాలో సరిగ్గా ఆ వారమే తేల్చాలి. నేనేమో ఆయనతో, "ఇక నాకు ఉద్యోగంతో అట్టే అవసరం పడకపోవచ్చు సార్" అన్నాను!

ఒక ముద్దను నూరి, గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి వేడిచేశాను. మాంగనీసు ఖనిజం మీద ఆ ఆమ్లం పడితే క్లోరిన్ లేస్తుంది. నాకు ఉద్యోగం ఇప్పించిందే ఆ చదువు. కాని కాబోయే కోటీశ్వరులు కిటికీలు తెరవరు కదా! పచ్చటి పొగ గదంతా కమ్మింది. అందరం దగ్గుతూ ఆవరణలోకి పరుగు. బ్యూరెట్టుగారు కళ్లనీళ్లతో, చేతికందిన ముద్ద ఒకటి పట్టుకుని బయటపడ్డారు. నాచు తుడిచారు. కింద తెల్లరంగు గుర్తు. మా యార్డులో వ్యాగన్ దిగిన ఖనిజానికి మేమే వేసే గుర్తు!

"సముద్రానికి... మనం... ఎప్పుడు... సరఫరా చేశామయ్యా?" అన్నారు, దగ్గు దగ్గుకీ ఒక మాట చొప్పున.

మా యార్డు రైలుపట్టాల పక్కన ఏరి, కళింగపట్నంలో నానబెట్టి తెచ్చాడు బావ. "ఇందులో మాంగనీసు ఉందన్నావు, అది నిజమే" అని బ్యూరెట్టుగారు నన్ను ఇంటికి పంపకుండా, ప్రొబేషన్ మాత్రం పొడిగించారు. బావ ఆ కథను ప్రతి పెళ్లిలోనూ దగ్గులతో సహా అభినయించాడు.

చాలా ఏళ్లకు, మనవాళ్లు నిజంగానే ఆ ముద్దలను సముద్రం నుంచి పైకి తీశారని పేపర్లో పడింది. "అయితే నిజంగా ఉన్నాయేట్రా?" అన్నాడు బావ, చుట్ట పక్కన పెట్టి.

"ఉన్నాయి బావా. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు గాని, నువ్వు తెచ్చినవాటిలో ఒకదానికి గుర్తు లేదు. దాంట్లో నికెలు తగిలింది."

"నున్నటిదేనా? అది పట్టాల కాడ ఏరింది కాదురా! ఒడ్డున దొరికితే కలిపీసినాను!"

నేను కల్పించిన రాయికి బావ అప్పటికప్పుడు పుట్టినచోటు కూడా కల్పించేశాడు. అప్పటినుంచి ఆ మాట తనే నమ్మేసి, సాయంత్రమైతే చాలు, తల వంచుకుని ఒడ్డంతా గాలిస్తాడు. "ఈ వయసులో ఈ మనిషికిదేటి?" అని అక్క నన్నడుగుతుంది. మొన్న ఒడ్డున కూర్చుని చూస్తుంటే జాలేసి, నిజం చెప్పేద్దామని లేచాను. బావ ఒక నల్లరాయిని ఎండకు పట్టి చూస్తున్నాడు. ఆ ముఖంలో అచ్చం ఆనాటి నేను! మళ్లీ కూర్చున్నాను.