దేవవ్వ పెట్టిన బొట్టు

ఆత్మారాం కాలు ఒకచోట నిలిచేది కాదు. మాక్లూర్‌లో పసుపు పండించే ఇంట్లో పుట్టి, లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర ఒక సీజన్ గడిపాడు. అక్కడా ఉండబట్టక నిజామాబాద్‌లో ట్యుటోరియల్ మాస్టరయ్యాడు. పాఠం చెబుతూనే కిటికీలోంచి రోడ్డు మీది బస్సుల్ని చూసేవాడు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవని పెద్దలు ఊరికే అన్నారా?

డెబ్బయ్యో దశకంలో, హైదరాబాదు యూనివర్సిటీలో కంప్యూటర్ శాఖ తెరిచారని పేపర్లో చదివాక ఆ కాలు మరీ ఆగలేదు. అక్కడ చేరాలంటే ఆదివారాలు వెళ్ళి నేర్చుకుని, సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి, దాన్ని అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టి, మిషన్ మీద నడిపించి చూపాలి. ప్రోగ్రాం నడిచిన వాళ్ళకే సీటు. ఎవరి చెరకు ముందు నరకాలో వరస తేల్చే ప్రోగ్రాం రాశాడు ఆత్మారాం. కొట్టిన కార్డుల్ని సరిచూసుకుందామని ఇంటికి తెచ్చాడు.

తల్లి దేవవ్వ ఆ కట్టను ఎగాదిగా చూసింది. "ఇయ్యి పట్టుకొని యాడికి పోతవ్ బిడ్డా? గా జాగ ఎట్లుంటది?"

అడిగేవాళ్ళు దొరికితే ఆత్మారాం ఆగుతాడా! "నాలుగు అర్రలుంటయవ్వా. ఒకదాంట్ల పాఠాలు, ఒకదాంట్ల పుస్తకాలు, ఇంకోదాంట్ల టకటక చిల్లులు కొడ్తరు. ఆఖరి అర్రల మిషన్. చెప్పులు బయటనే ఇడవాలె. లోపల చల్లగుంటది. మిషన్‌ను మనం ముట్టద్దు. ఒకాయన కిటికీలకెల్లి కట్ట తీస్కొని దానికిస్తడు. మనం అడిగింది అది చెప్తది."

దేవవ్వ రెండు చేతులూ జోడించింది. కొడుకు ఫక్కున నవ్వి స్నానానికి పోయాడు.

ఆదివారం ఆ కిటికీ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. మిషన్ గరగరమని ఆగిపోయింది. లోపలాయన కట్టను బయటికి తోసేశాడు. పై కార్డు మీద పసుపు బొట్టు, అట్ట తడికి ఉబ్బిపోయి ఉంది. కింద ఉన్న ప్రతి కార్డుకూ బొట్టే. ఒకదానికి పెట్టి తక్కినవాటిని చిన్నబుచ్చే మనిషి కాదు దేవవ్వ. మళ్ళీ కొట్టే వ్యవధి లేదు. సీటు పోయింది.

"నా నోట్ల మన్నువోస్తివి గదనే అవ్వా!" అని ఇంటికొచ్చి అరిచాడు.

దేవవ్వ మెల్లగా అంది. "సెప్పులిడవాలె అంటివి. ముట్టద్దంటివి. అడిగింది సెప్తదంటివి. గుడికి పోయేదాన్ని పసుపు లేకుండ ఎట్ల పంపుదు కొడుకా?"

తప్పు తన నోటిదేనని తెలిసి ఆత్మారాంకు ఒళ్ళు ఇంకా మండింది. ఆ ఏడాదంతా పిల్లల్ని కసిరాడు, స్టేషన్‌కు పోయి ఏ రైలూ ఎక్కకుండా తిరిగొచ్చాడు, అన్నం ముందు నుంచి సగంలో లేచిపోయాడు. ఆ కంచం మీద దేవవ్వ మూత పెట్టి రాత్రికి దాచేది.

మరుసటి ఏడు కొత్త కట్ట తయారైంది. ఈసారి దేవవ్వ ఆ కట్ట ఉన్న మూలకే పోలేదు. పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులు, ఎంత కడిగినా చేతులు పచ్చగానే ఉంటాయి. వాటిని కొంగులో దాచుకుని గుమ్మంలో నిలబడింది.

"పోయిరా కొడుకా. నేనేం ముట్టలే. కావాల్నంటే సూస్కో."

ఆ మాటకు ఆత్మారాం కాళ్ళు వాకిట్లోనే ఆగిపోయాయి. బస్సు హారన్ వినిపిస్తోంది. అయినా సంచి అరుగు మీద పెట్టి, వెనక్కి వచ్చి తల వంచాడు.

"కార్డులకు వద్దు గని, నాకు పెట్టవ్వా."

హైదరాబాదులో కిటికీ దగ్గరాయన అతని నుదురు చూసి గుర్తుపట్టాడు. "ముందు చేతులు చూపించు" అన్నాడు. ఆత్మారాం చూపించాడు.

ఆ రాత్రి ఇల్లు చేరగానే దేవవ్వ సీటు సంగతి అడగలేదు.

"మిషన్ ఆగిందా కొడుకా?"

"ఆగలేదవ్వా. సీటొచ్చింది."

ఏడాదిగా ఆపుకున్న ఏడుపంతా దేవవ్వ అప్పుడు ఏడ్చింది.