ఊఁ కొడితేనే కదిలే రాజ్యం

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ధవల్ పాచికను స్టీలు పళ్లెంలో వేశాడు. ఇరవై ముఖాల పాచిక అది. ఠంగున మోగి, పళ్లెం అంచు వెంట గిరగిరా తిరిగి, మెల్లగా ఆగింది. ఆటలో కొత్తగా చేరిన ఇద్దరూ ఎంత పడిందా అని ముందుకు వంగారు. నాకు మాత్రం ఆ చప్పుడుతో మా పై అంతస్తు బాల్కనీ, అక్కడి నుంచి తాడుకు కట్టి దించే గుడ్డసంచీ, ఆ సంచీ వెనకాలే దిగివచ్చే గొంతు గుర్తొచ్చాయి. ధవల్‌కీ గుర్తొచ్చినట్టుంది. "మాసీ" అన్నాడు చిన్నగా, వాళ్ల గుజరాతీలో పెద్దమ్మ అని. అనకుండా ఉంటే బాగుండేది. ఆమెను ముందుగా తలుచుకునే హక్కు నాదేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆమె పేరు సత్తెమ్మ. ఊరు జగిత్యాల దగ్గర. భర్త పోయాక ఆయన రైల్వే ఉద్యోగం ఆమెకు వచ్చింది. రిటైరయ్యేదాకా స్టేషన్‌లో విచారణ కౌంటర్‌లో కూర్చుని, ఏ రైలు ఎప్పుడొస్తుందో జనానికి చెప్పింది. పిల్లల్లేరు. సూరత్ అమ్రోలీలో మా బిల్డింగులోనే, సరిగ్గా మా ఫ్లాటు పైన ఒక్కతే ఉండేది. నాన్న బ్యాంకు ఉద్యోగం వల్ల నేను సూరత్‌లోనే పెరిగాను కాబట్టి, పెద్దమ్మ అని పిలవడానికి ఈ ఊళ్లో నాకు దొరికిన మనిషి ఆమె ఒక్కతే. మొహమాటం అంటే ఏమిటో ఆమెకు తెలియదు. మా ఇంటి పులుసు వాసన పైకి వెళ్తే చాలు, "ఉప్పు తక్కువైంది సూడుండ్రి" అని కేకేసేది. నోటితో రుచి చూడకుండా ఎలా చెబుతుందని అమ్మ సణుగుతూనే ఇంకాస్త ఉప్పు వేసేది.

మా ఆట గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఒకరు ఒక లోకాన్ని కల్పించి కథ నడుపుతారు. మిగతావాళ్లు అందులో తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు కత్తి పట్టినవాడు, ఒకతి మంత్రగత్తె, ఒకడు దొంగ. ఏం చేస్తారో వాళ్లిష్టం. గోడ దూకగలరా, రాక్షసుణ్ణి కొట్టగలరా అనేది పాచిక తేలుస్తుంది. ఒక కథ నెలల తరబడి సాగుతుంది. కాలేజీ రోజుల నుంచీ నేను ఒక రాజ్యాన్ని కట్టుకుంటూ వచ్చాను. దానికి ఒక నది, నది అవతల కొండ, కొండ మీద కోట, కోటలో ఏడు తరాల రాజుల గొడవలు ఉన్నాయి. మొదటి లాక్‌డౌన్ వచ్చి అందరూ ఇళ్లల్లో చిక్కుకున్నప్పుడు, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, నాకు లోపల సంతోషమే కలిగింది. ఇప్పుడు నా స్నేహితులు ఎక్కడికీ పారిపోలేరు.

ఆదివారం మధ్యాహ్నాలు వీడియో కాల్‌లో ఆడేవాళ్లం. ధవల్ చీరల దుకాణం వాళ్ల అబ్బాయి, కాలేజీ నుంచి స్నేహితుడు. స్వప్న వాళ్లది కడోదరా, వాళ్ల నాన్న మగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. నరేష్ హజీరాలో ఇంజినీరు, కంపెనీ టౌన్‌షిప్‌లో ఒక్కడే ఉండేవాడు. ఆట హిందీలో నడిచేది. కోపం వస్తే తెలుగు, తిట్టాలంటే గుజరాతీ. నేను పెట్టిన నియమం ఒక్కటే. నేను చెబుతున్నంతసేపూ అందరూ మైకులు ఆపేయాలి. కుక్కర్ల కూతలు, పావురాల గోల మధ్య నా వర్ణనలు పాడవుతాయని నా భయం. అందుకని నిశ్శబ్దంలోకి చదువుతూ పోయేదాన్ని. తెరమీద వాళ్ల మొహాలు బుద్ధిగా కనిపించేవి. ఒకసారి నరేష్ ఉల్లిపాయలు తరుగుతూ కళ్లు తుడుచుకుంటుంటే, నా రాణి మరణానికి ఏడుస్తున్నాడని మురిసిపోయాను.

ఆ రోజు మావాళ్లు కోట తలుపు దగ్గర ఇరుక్కుపోయారు. తలుపు ఎలా తెరుచుకుంటుందో నా వర్ణనలోనే ఉంది, ఎవరూ పట్టుకోలేదు. బాల్కనీలో కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాను. ఇంతలో పైనుంచి కేక పడింది.

"అరె, ఆ సింహం బొమ్మ నోట్లె చెయ్యి పెట్టుమనుండ్రి! ఎప్పటిసంది చెప్తున్నది పోరి, ఒక్కలన్న వింటలేరేంది?"

తలెత్తి చూశాను. కమ్మీల మీద మోచేతులు ఆనించి పెద్దమ్మ కిందికి చూస్తోంది. వారాలుగా వింటోందట. తెరమీద ముగ్గురూ పగలబడి నవ్వారు. "మాసీని కూడా ఆటలోకి తీసుకుందాం" అన్నాడు ధవల్. కూరగాయల కోసం ఆమె దించే గుడ్డసంచీలో నా పాచికల్లో ఒకటి వేసి నేనే పైకి పంపాను. చేజేతులా అంటారే, అలా. పాచికను స్టీలు పళ్లెంలో వెయ్యాలని ఆమే పట్టుబట్టింది. "ఏసింది అందరికి వినవడాలె. లేకుంటే దొంగాట ఆడిననంటరు." తన ఫోనులో మా కాల్‌లోకి వచ్చాక, ఏ పాత్ర కావాలని అడిగితే పడవ నడిపే ముసలిదాన్ని ఎంచుకుంది. పేరు పోచవ్వ. "కత్తి తిప్పే వయసా నాది? నది దాటిచ్చేది నేనైతే మీరందరు నా దగ్గరికే రావాలె."

మగ్గాలు మళ్లీ నడవడం మొదలైన వానాకాలంలో ఒక ఆదివారం మా ఫ్లాటులో నెట్ పోయింది. ఎంతకీ రాకపోయేసరికి, ఈ వారం ఆట లేదని చెప్పమందామని మాస్కు పెట్టుకుని పైకి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆట జరుగుతోంది. ఆమె చెబుతున్నది హిందీలోనే, జగిత్యాల యాస తగిలిన హిందీ. కానీ నా చెవికి అది ఆమె తెలుగులాగే వినబడింది, అలాగే రాస్తున్నాను.

"గుహలకు పోయిండ్రు. కండ్లు పొడుసుకున్నా కానస్తలేదు. ధడ్ ధడ్ ధడ్. స్వప్నా, నీ మైకు బంద్ జెయ్యకు బిడ్డా, ఉండనీ. అది మీ పక్కింటి మగ్గం అనుకుంటున్నవా? కాదు. కొండ కింద పండుకున్న రాక్షసుని గుండె." కాసేపు నిజంగానే మగ్గాల చప్పుడు తప్ప ఏమీ లేదు. "ఊఁ అనుండ్రి. ఊఁ కొట్టనిది పోచవ్వ పడవ కదలది."

"ఊఁ" అంది స్వప్న. "ఊఁ" అన్నాడు నరేష్. "మా దగ్గర దీన్ని హోంకారో అంటారు మాసీ, కథ చెప్పేటప్పుడు మా తాత అడిగేవాడు. ఊఁ! పఛీ?" అన్నాడు ధవల్. ఆ 'తర్వాత?' అన్న ప్రశ్న అంత ఆత్రంగా వాడు నన్నెప్పుడూ అడగలేదు. మెట్ల మీద నిలబడిన నా గొంతులోకి కూడా ఊఁ వచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాను.

కడుపు మండిపోయింది. ఆ కొండ నాది. ఎత్తెంతో, ఏ దిక్కున వాలుతుందో లెక్కగట్టి గీసింది నేను. దాని కింద గుండె ఉందని నాకెందుకు తోచలేదు? అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా రాజ్యాన్ని ఆమె పిడికిళ్లతో తీసి పంచుతోంది, వాళ్లు దోసిళ్లు పట్టి తీసుకుంటున్నారు. సాయంత్రం నరేష్ గ్రూపులో రాశాడు: "వచ్చేవారం కూడా పెద్దమ్మనే నడపనిద్దాం. శ్వేతా, నువ్వు హాయిగా ఆడుకో." ఆ 'హాయిగా' అన్న మాట నాకు చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది. నవ్వుతున్న బొమ్మ ఒకటి జవాబుగా పెట్టి, ఆ పూట అన్నం తినలేదు.

తర్వాతి వారం నుంచి నేను దొంగ పాత్రలో ఒక ఆటగత్తెనయ్యాను. కుర్చీ పోయింది, కళ్లలో నిప్పులు మిగిలాయి. ఆమెకు చెయ్యగలిగిన ద్రోహం ఒక్కటే కనబడింది. ఊఁ కొట్టడం మానేశాను. ఆమె ఆగింది. అందరి ఊఁలూ వచ్చాయి. "శ్వేతా, నీది రాలే" అంది. నేను తెర వంక చూస్తూ కూర్చున్నాను. ఆమె కోప్పడలేదు. వేరుశనగ కాయ ఒకటి ఒలుచుకుని నోట్లో వేసుకుంది. ఇంకొకటి ఒలిచింది. రాక్షసుడు సగం లేచి అలాగే ఉన్నాడు. "అరే యార్, అనేసెయ్ శ్వేతా, నా పాత్ర చచ్చిపోయేలా ఉంది!" అని స్వప్న బతిమాలింది. చివరికి ఊఁ అన్నాను. వాళ్లు బలవంతం చేశారని కాదు. రాక్షసుడు లేచి ఏం చేస్తాడో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. ఆ సంగతి ఆమెకు తెలుసునన్నదే నా మంట.

ఆట అయ్యాక బాల్కనీలోకి వచ్చి పిలిచింది.

"నా మీద కోపమా బిడ్డా?"

"కోపం కాదు పెద్దమ్మా, కుళ్లు."

ఆమె గట్టిగా నవ్వింది. "కుళ్లు మంచిదే. ప్రేమ, పాయిరం ఉన్నకాన్నే కుళ్లు ఉంటది. ఇను. నీ రాజ్యం మంచిగ కట్టినవ్. గని నువ్వు చెప్పుకుంట పోతవ్, ఎన్కకు తిరిగి సూడవ్. కౌంటర్ల నేను రైలు టైం చెప్పి ఊకోలే. ఆ మనిషి ఊఁ అన్నంకనే ఎన్కున్నోన్ని పిలిచిన. ఊఁ అనలేదంటే వినలేదన్నట్టు. విననోనికి రైలు తప్పిపోతది."

మాట నాకు నచ్చింది. అది ఆమె నోటి నుంచి రావడమే నచ్చలేదు. మరుసటి రోజు పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైందని ఆమె అరిస్తే, వినబడనట్టు తలుపు వేసుకున్నాను.

తర్వాతి ఏడాది వేసవిలో జబ్బు మా బిల్డింగులోకి వచ్చింది. పెద్దమ్మ దగ్గు రెండు రోజులు పైకప్పు మీద వినబడింది, మూడో రోజు అది కూడా వినబడలేదు. నాన్నా నేనూ కలిసి అంబులెన్స్ ఎక్కించాం. ఆసుపత్రిలో ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, మాట్లాడించవద్దని డాక్టరు చెప్పారు. ఆ మధ్యాహ్నం నా ఫోను మోగింది. ఆమె నంబరే.

"మాట్లాడకు పెద్దమ్మా, మాట్లాడొద్దన్నరు" అన్నాను.

"నువ్వు... చెప్పు" అంది. మధ్యలో ఆక్సిజన్ బుసబుస. "పడవ... యాడున్నది?"

కాగితాలు లేవు, వర్ణనలు లేవు. "పడవ నది మధ్యల ఉన్నది" అన్నాను. అని, ఆగాను. చాలాసేపటికి ఊఁ వచ్చింది. సన్నగా, దారం లాగినట్టు. అప్పుడు రెండో మాట చెప్పాను. మళ్లీ ఆగాను. ఆమె ఊఁలో అలసట ఉంటే పోచవ్వను కాసేపు తెడ్డు కింద పెట్టమనేదాన్ని. కొంచెం బలం వినబడితే అల ఒకటి లేపేదాన్ని. రోజూ మధ్యాహ్నం అలా నడిచింది. పడవను ఒడ్డుకు చేరనివ్వలేదు. చేరితే ఏమవుతుందోనని నాకు భయం. గ్రూపులో అందరూ ఆదుర్దాగా అడిగేవారు. "ఒక్కసారి మాట్లాడొచ్చా?" అని స్వప్న రాసింది. మాట్లాడకూడదన్నారని జవాబిచ్చాను. అది నిజమే. ఆమె మాట్లాడటం లేదు, ఊఁ కొడుతోంది. ఆ ఊఁ నాది, వాళ్లకెందుకివ్వాలి?

ఒకరోజు ఊఁ రాలేదు. ఆగాను. బుసబుస తప్ప ఏమీ లేదు. "పెద్దమ్మా!" అన్నాను. మళ్లీ అన్నాను. ఎవరో ఫోను ఎత్తిన చప్పుడైంది. నర్సు గొంతు హిందీలో గుసగుసగా కసిరింది: "అరవకండి, నిద్రపోయారు. వచ్చాక ఇంత బాగా పడుకోవడం ఇవాళే." ఫోను పట్టుకుని నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరినైనా నిద్రపుచ్చిన కథ నేను చెప్పడం అదే మొదటిసారి కాదు గానీ, దానికి సంతోషించడం మాత్రం అదే మొదలు.

ఆమె ఇంటికొచ్చింది. దమ్ము మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. నాలుగు మాటలంటే ఆయాసం. ఒకరోజు పైనుంచి సంచీ దిగింది, కూరగాయల రోజు కాదు. అందులో నా పాచిక ఉంది. పైకి చూస్తే ఆమె కమ్మీలు పట్టుకుని నిలబడి, "ఇగ నువ్వే" అని మాత్రం అంది. ఏడాదిగా నేను కోరుకున్నది నా అరచేతిలో పడింది. వెంటనే సంచీలో వేసి పైకి పంపేయాలనిపించింది, కానీ తాడు అప్పటికే పైకి వెళ్లిపోయింది.

నా రాజ్యం కథను నేనే ముగించాను. అందరి మైకులూ తెరిచే ఉంచాను. ప్రతిచోటా ఆగి, ఊఁ కోసం చూశాను. బాగా నడిపానని నాకే తెలుస్తోంది. అయినా ఒకటి గమనించాను. నేను ఆగిన ప్రతిసారీ ఆ ముగ్గురూ ముందు పెద్దమ్మ ఊఁ అంటుందా అని చూసి, ఆ తర్వాతే అంటున్నారు. ఆట నడిపింది నేను, ఒక్క అక్షరంతో ఏలింది ఆమె. ఒళ్లు మండింది. దమ్ము చాలని మనిషి మీద కూడా కుళ్లుకోగలనని ఆ రోజు తెలిసింది.

తమ్ముడు వచ్చి ఆమెను జగిత్యాల తీసుకెళ్లాడు. రెండేళ్లకు అక్కడే పోయింది. ఆ వార్త తెలిసినప్పుడు గ్రూపంతా రాక్షసుని గుండె గురించి, వేరుశనగ కాయల గురించి రాసుకుని ఏడ్చారు. ధవల్ 'మా మాసీ' అని రాశాడు. మా ఏమిటి, మా? వాడింటికీ ఆమె ఇంటికీ మధ్య తాపీ నది ఉంది. నాకూ ఆమెకూ మధ్య ఒక పైకప్పే. ఆలోచిస్తే ఇంకోటి కూడా తోచింది. వాళ్లకు ఆమె దొరకకముందు, నా కథను వాళ్లు ముగ్గురూ మైకులు ఆపుకుని వినకుండా కూర్చున్న వారాలన్నీ, ఆమె ఆ కమ్మీల మీద ఆనుకుని సింహం నోటిదాకా విన్నది. నాకున్న మొదటి శ్రోత ఆమె. అది తెలియక, ఏడాది పాటు ఆమె మీదే కుళ్లుకున్నాను.

పోయిన ఆదివారం, ధవల్ 'మాసీ' అనగానే, కొత్తగా చేరిన అమ్మాయి "ఎవరామె?" అని అడిగింది. వాడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు, చెప్పబోతున్నాడు. నేను పాచిక తీసి మళ్లీ పళ్లెంలో వేశాను. ఠంగుమంది. అందరూ నా వైపు తిరిగారు.

"పడవ నది మధ్యలో ఉంది" అన్నాను. అని, ఆగాను.

ఊఁ అంది కొత్తమ్మాయి. పక్కనున్నతనూ అన్నాడు. చివరికి ధవల్ కూడా అన్నాడు. అన్నీ వచ్చాక కూడా నేను ఇంకాసేపు ఆగాను. ఎప్పుడూ ఆగుతాను. ఎందుకు అని ధవల్ చాలాసార్లు అడిగాడు. వాడికి చెప్పను.