ఓడించేవాడు లేని విలన్లు

మిత్రులారా, ఈ ఉదయం మేడ్చల్ పాత సామాన్ల దుకాణంలో నాకు మరొక అంతరిక్ష విలన్ బొమ్మ దొరికినదని తెలియజేయుటకు చింతిస్తున్నాను. నల్ల ముసుగు, విరిగిన కత్తి, ఆనాటి ప్లాస్టిక్ వాసన అన్నీ సక్రమంగానే ఉన్నవి.

మన కాలంలో హీరో బొమ్మ ఉన్నవాడిదే రాజ్యం, గుర్తుందా? మచ్చ బొల్లారంలో హీరో పక్కింటి సీనుది, విలన్ నాది. రోజూ మా మిద్దె మీద యుద్ధం.

"జల్దీ సావురా! మా అవ్వ బువ్వకు పిలుస్తాంది," అనేవాడు సీను.

"ఆగరా, ఇంక జరసేపు కొట్లాడుదాం!" అని బతిమాలేవాణ్ణి.

వాళ్లు ఇల్లు మారాక జాడ తెలియలేదు. ఇప్పుడు శామీర్‌పేటలో నా అల్మారా నిండా విలన్లే. కావున ఈ పోస్టు సీను కంటపడినచో, బొమ్మ పోయి ఉంటే ఉత్త చేతులతోనైనా, వెంటనే హాజరు కావలెను. మా పక్షం బేషరతుగా ఓడిపోవుటకు సిద్ధంగా ఉన్నది.