కొట్టేసిన గడి

"ఇరవై ఏళ్ళు. ఒక్క ప్రమాదం లేదు. ఒక్క పూట ఆవిరి ఆగలేదు" అని ఆసుపత్రి పెద్దాయన మైకులో అంటుంటే వెనక వరసలో నిలబడ్డ ఆవిరక్క అందరితో పాటు చప్పట్లు కొట్టింది. కొడుతూనే గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ పది. ఈపాటికి బాయిలర్లో నీళ్ళు సగానికి దిగి ఉంటాయి. రెండో విడత చప్పట్లు మొదలయ్యేసరికి ఆమె మెట్లు దిగి, అడుగు అంతస్తులోని బాయిలర్ గదిలో పంపు వేస్తూ ఉంది.

పైన సన్మానం జరుగుతున్నది లైసెన్సు సారుకి. ఆ రోజుతో ఆయన ఉద్యోగం పూర్తయింది. అద్దాల పెట్టెలో పెట్టిన చిన్న ఇత్తడి బాయిలర్ బొమ్మ ఇచ్చారు ఆయనకి. ఆ ఇరవై ఏళ్ళలో ఆయన అసలు బాయిలర్ దగ్గర నిలబడ్డ రోజులన్నీ కూడితే ఒక చలికాలం అవుతుందేమో. మిగతా కాలమంతా ఆ మంటనీ, ఆ నీళ్ళనీ, ఆ ఒత్తిడి ముల్లునీ కనిపెట్టుకుని కూర్చున్నది ఆవిరక్క. ఆసుపత్రి కాగితాల్లో ఆమె ఉద్యోగం 'దుప్పట్లు ఉతికే మనిషి'.

ఆమె మళ్ళీ పైకి వెళ్ళేసరికి బిస్కట్లు అయిపోయాయి. ఇస్త్రీ గదిలో పనిచేసే పెద్దక్క ఒకటి కాగితంలో చుట్టి దాచింది.

"ఇందా, నీ ఇరవై ఏళ్ళకీ."

"ఇరవై రెండు" అంది ఆవిరక్క.

"అయితే రెండేళ్ళు పస్తే. ఒకటే దొరికింది."

ఇద్దరూ నవ్వారు. ఆవిరక్క బిస్కట్టు తింది. ఆ సన్మానంలో ఆమెకి దక్కింది అంతే.

ఆసుపత్రిలో రోజూ తొమ్మిది వందల దుప్పట్లు ఉతకాలి. వాటి మీద రక్తం, చీము, మందులు, ఇంకా చెప్పుకోకూడనివి ఎన్నో ఉంటాయి. వేణ్ణీళ్ళతో పోయేవి కావవి. ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలర్ కావాలి. బాయిలర్‌కి మనిషి కావాలి. మొదటి రెండేళ్ళూ ఆ మనిషి ఒక ముసలి మేస్త్రీ. దుప్పట్లు తడిపే తొట్టి దగ్గర నిలబడే ఆవిరక్కని ఆయనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ముల్లు చూడటం అందరికీ వస్తుందమ్మాయ్. చప్పుడు వినడం నేర్చుకో. నీళ్ళు తగ్గితే దాని గొంతు మారుతుంది" అని చెప్పాడు. ఆమె చెవి పెట్టి విన్నది. ఆయన పోయాక వచ్చినవాడు లైసెన్సు సారు. వచ్చిన మొదటి రోజు నీటిమట్టం చూపించే గాజు గొట్టం ఎక్కడుందని ఆమెనే అడిగాడు.

చెడ్డవాడేం కాదు. గట్టిగా ఒక మాట అనేవాడు కాదు. కాకపోతే వచ్చేవాడు కాదు. ఊళ్ళో ఇంకో రెండు చోట్ల కూడా ఆయన లైసెన్సే గోడ మీద వేలాడుతుండేది.

కానీ బాయిలర్ పుస్తకంలో ప్రతి పూటా సంతకం పడాలి. గంట గంటకీ ఆవిరి ఒత్తిడి ఎంత, నీళ్ళు ఎంత, నూనె ఎంత కాలింది, అన్నీ రాసి కింద సంతకం పెట్టాలి. రాసేది ఆవిరక్కే. సంతకానికే చిక్కు వచ్చింది. అప్పుడు సూపర్‌వైజరు ఒక ఉపాయం చెప్పాడు.

"సారు సంతకం కాస్త చెయ్యి తిప్పుకోరాదూ? ఆయన్ని ఎక్కడని వెతుకుతాం రోజూ."

ఆవిరక్క సబ్బుపొడి అట్టపెట్టెల వెనక వారం రోజులు సాధన చేసింది. ఎంత బాగా వచ్చిందంటే, ఒకసారి సారు పెట్టుకున్న సెలవు చీటీని 'సంతకం రికార్డుతో సరిపోలేదు' అని ఆఫీసువాళ్ళు వెనక్కి పంపారు. ఆయన ఆ చీటీ పట్టుకుని కిందికి వచ్చి, నవ్వుతూ ఆమె ముందు పెట్టాడు. తన సెలవు చీటీ మీద తన సంతకం ఆమె చేత పెట్టించుకుని వెళ్ళాడు. నెల్లాళ్ళ పాటు లాండ్రీ అంతా ఆ ముచ్చట చెప్పుకుని పడీ పడీ నవ్వుకుంది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిరక్క.

ఆ పుస్తకంలో చివరి గడి ఒకటి ఉంది. 'సహాయకుల సంతకం' అని దాని పేరు. ఖాళీగా ఉంటే తనిఖీకి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు, ఒక గీత కొట్టెయ్ అన్నాడు సూపర్‌వైజరు. ఆవిరక్కకి పని శుభ్రంగా ఉండాలి. స్కేలు పెట్టి మరీ కొట్టేది. పూటకో గీత. ఇరవై ఏళ్ళు.

బాయిలర్ పరీక్ష రాయాలని ఆమెకి ఏనాటి నుంచో ఉంది. పాసైతే తన పేరు మీద సర్టిఫికెట్ వస్తుంది. బాయిలర్ గది గోడ మీద తన ఫొటో ఉంటుంది. పదకొండేళ్ళ కిందట పుస్తకం కొంది. నాలుగో పాఠం దాకా చదివింది కూడా. ఆ ఏడాదే రంగులు వేసే మేస్త్రీ అయిన భర్త పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. రెండేళ్ళ పాటు ఇంట్లో ఒక దుప్పటి, ఆసుపత్రిలో తొమ్మిది వందల దుప్పట్లు. ఆయన లేచి తిరిగాక కూడా ఆమె ఆ పుస్తకం తియ్యలేదు. అందులో తప్పు ఎవరి మీదా వెయ్యడానికి లేదు, తనదే. మొదట ఒళ్ళు బద్ధకం, తరువాత సిగ్గు. అటక మీద పుస్తకం ఉన్న వైపు చూడటం కూడా మానేసింది.

సన్మానం జరిగిన వారానికి ఇత్తడి బొమ్మ సంగతి ఇంట్లో చెప్పి నవ్వబోయింది. నవ్వు రాలేదు. కుర్చీ వేసుకుని అటక మీంచి పుస్తకం దించింది.

"అమ్మా, ఇప్పుడా?" అంది మందుల దుకాణంలో పనిచేసే కూతురు. "నీ కళ్ళజోడు నంబరే నీకు గుర్తుండదు. ఇవన్నీ ఏం గుర్తుంటాయి?"

"గుర్తుపెట్టుకోనక్కర్లేదే. ఇందులో ఉన్నదంతా నాకు తెలుసు. వీళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో అదొక్కటే తెలియదు."

మర్నాటి నుంచి ఆవిరక్క పొద్దున నాలుగున్నరకే లేచి కూర్చుంది. మధ్యాహ్నం పెద్దక్క ఇస్త్రీ చేస్తూనే ప్రశ్నలు అడిగేది. ఆమెకి చదవడం అంతంత మాత్రం, అక్షరం అక్షరం కూడబలుక్కుని అడిగేది.

"ఏమే, 'నీటిమట్టం కనిపించని పక్షంలో తక్షణం చేయవలసినదేమి?'"

"మంట ఆర్పాలి. నీళ్ళు మాత్రం పొయ్యకూడదు. పోస్తే పేలుతుంది."

"ఇక్కడ అర పేజీ రాసి ఉంది."

"అర పేజీ చదివేలోపు మనం ఉండం పెద్దక్కా."

నెల తిరిగేసరికి ఏడో పాఠం దాటింది. దరఖాస్తు ఇవ్వడానికి సెలవు పెట్టి పరీక్షల కార్యాలయానికి వెళ్ళింది. అనుభవం రుజువు కావాలని తెలుసు. అందుకే ఐదేళ్ళ బాయిలర్ పుస్తకాలకి నకళ్ళు తీయించి సబ్బుపొడి సంచీలో వేసుకెళ్ళింది. కిటికీ వెనక ఉన్న ఉద్యోగిని వాటిని ఓపికగా తిరగేసింది.

"ఇవన్నీ ఇంకెవరో ఆపరేటర్‌వి. మీ సంతకం ఏది?"

"ఆ రాత నాదేనండీ."

"రాత కాదమ్మా, సంతకం కావాలి. లైసెన్సు ఉన్నవాళ్ళ కింద సహాయకురాలిగా రెండేళ్ళు చేసినట్టు ఈ చివరి గడిలో మీ సంతకం ఉంటే చాలు. రెండేళ్ళే." ఆమె కాగితాలు మళ్ళీ తిప్పింది. "ప్రతి పూటా కొట్టేసి ఉందే. ఎవరు కొట్టేశారు ఇలా?"

ఆవిరక్క, "నేనేనండీ. ఖాళీగా ఉంటే బాగోదన్నారు" అంది.

ఉద్యోగిని కళ్ళజోడు తీసి ఆమెని చూసింది. గొంతు తగ్గించింది.

"ఆ సంతకం కూడా మీరే పెట్టారా అని నేను అడగను. మీరు చెప్పొద్దు. లైసెన్సు లేకుండా ఒక్కరే నడిపారని తేలితే ముందు మీ మీదే కేసు. ఆ సారు దగ్గర ఒక ఉత్తరం రాయించుకు రండి, చూద్దాం."

లైసెన్సు సారు ఇంట్లోనే ఉన్నాడు. ఆదరంగా కూర్చోబెట్టాడు. ఇత్తడి బాయిలర్ టీవీ పక్కన ఉంది. దాని రక్షణ వాల్వు తలకిందులుగా బిగించారు. అది నిజం బాయిలరైతే మొదటి గంటలోనే పేలేది. ఆయన గమనించినట్టు లేదు.

"నువ్వు నడిపావని నేను రాసిస్తే, అప్పుడు నేనెక్కడున్నానని అడుగుతారు గదమ్మా" అన్నాడు.

"ఎక్కడున్నారో రాయండి సార్."

ఆయన వంటింటి వైపు తిరిగాడు.

"టీ తాగుతావా?"

తాగలేదు. బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన మీద కంటే ఆ స్కేలు మీద ఎక్కువ మండింది ఆమెకి. ఎవరూ తన చెయ్యి పట్టుకుని గీయించలేదు. ఇంటికెళ్ళి పుస్తకం మళ్ళీ అటక మీద పెట్టేసింది. ఐదు రోజులు అక్కడే ఉంది. ఆరో రోజు కూతురు దించి బల్ల మీద పెట్టింది. నాలుగున్నరకి అలారం కూడా పెట్టి పడుకుంది.

ఈలోపు కొత్త లైసెన్సు మనిషి వచ్చాడు. ఈయన కూడా మూడు చోట్లకి ఒకడే, వారానికో రోజు. సూపర్‌వైజరు పాత పద్ధతే చెప్పాడు. "కొత్త సారు సంతకం సులువేలే. రెండు అక్షరాలు, ఒక మెలిక."

"నాకు రాదండీ" అంది ఆవిరక్క.

"పాతది వచ్చిందిగా?"

"అది ఆయనతో పోయింది."

ఆ పూట అంకెలన్నీ రాసి, చివరి గడిలో తన పేరు రాసింది. అక్షరాలు గీత దాటి పక్క గడిలోకి వెళ్ళాయి. ఇరవై ఏళ్ళు ఇంకొకరి సంతకం తడబడకుండా పెట్టిన చెయ్యి అది.

సూపర్‌వైజరు ఎగిరిపడలేదు. అలవాటైన మెత్తటి గొంతుతోనే అన్నాడు. "ఆ గడిలో నీ పేరు పడితే నిన్ను బాయిలర్ మనిషిగా చూపించాలి. పైవాళ్ళు ఒప్పుకోరు. నా ఉద్యోగం కూడా చూడాలి గదమ్మా." మర్నాటి నుంచి ఆమెని మడత బల్ల దగ్గర వేశాడు. బాయిలర్‌కి తొట్టి దగ్గర మనిషిని కూర్చోబెట్టాడు. ఆవిరి ఒక పూట వచ్చింది, ఒక పూట రాలేదు. దుప్పట్లు ఆరలేదు. తోటి ఆడవాళ్ళే ఆమె మీద విసుక్కున్నారు.

"నీ సంతకం సరదా ఏమోగానీ మా నడుములు పోతున్నాయి" అంది ఒకామె తడి దుప్పటి విసిరి.

"అది దాని సరదా కాదే, దాని కష్టం లెక్కకొచ్చే గడి" అంది పెద్దక్క. "రేపు నువ్వు పేలి ఎగిరిపోతే నీ పేరు ఏ గడిలో రాస్తారో కనుక్కో ముందు."

అయినా ఎవరూ ఆవిరక్క పక్కన వచ్చి నిలబడలేదు.

తొమ్మిదో రోజు కొత్త సారు వచ్చేసరికి గాజు గొట్టంలో నీళ్ళు కనిపించడం లేదు. తొట్టి మనిషి నీళ్ళ పంపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. మడత బల్ల దగ్గర ఉన్న ఆవిరక్క మారిన చప్పుడు విని పరుగెత్తి, అతని చెయ్యి లాగేసి మంట ఆర్పింది. కొత్త సారు మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

"ఈమె లేకపోతే ఈ గదికి నా లైసెన్సు ఉండదు" అన్నాడు పరుగున వచ్చిన సూపర్‌వైజరుతో. తరువాత ఆమె వైపు తిరిగి, "ఆ గడిలో మీ పేరు రాసుకోండి. వచ్చినప్పుడల్లా చూసి కింద నా సంతకం పెడతాను" అన్నాడు.

అలా వచ్చింది ఆమెకి ఆ గడి. న్యాయం అనిపించి ఇవ్వలేదు ఎవరూ. భయపడి ఇచ్చారు. జీతం కాగితంలో ఇప్పటికీ దుప్పట్లు ఉతికే మనిషే. ఇరవై రెండేళ్ళు సున్నా అయ్యాయి. ఆవిరక్కకి నలభై తొమ్మిదేళ్ళు. ఆ గడిలో ఇప్పటికి ఏడు నెలలు నిండాయి. ఇంకా పదిహేడు నెలలు నిండితేగానీ పరీక్ష గదిలోకి రానివ్వరు. పుస్తకం రెండుసార్లు పూర్తయింది, మూడోసారి చదువుతోంది. స్కేలు ఆమె దగ్గరే ఉంది. దాంతో ఇప్పుడు పుస్తకంలో తప్పుగా అచ్చయిన వాక్యాల కింద గీతలు గీస్తోంది. ఇప్పటికి నాలుగు దొరికాయి.

ఇది చదివినవాళ్ళు అయ్యో అని ఊరుకుంటే ఆవిరక్కకి ఒరిగేదేమీ లేదు. మీరు పనిచేసే చోట కూడా ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. రేపు వెళ్ళి తెరవండి. పని ఎవరు చేస్తున్నారో, కింద పేరు ఎవరిదో చూడండి. ఆ సంతకం మీదైతే, చేసిన మనిషిని పిలిచి కలం చేతికివ్వండి. మీది కాకపోతే నలుగురిలో అడగండి, ఆ మనిషి పక్కన నిలబడి అడగండి. ఎప్పుడో పనిచేసి వెళ్ళిపోయినవాళ్ళు ఉత్తరం కోసం మీ గుమ్మం ఎక్కితే టీ తరువాత ఇవ్వండి. ముందు ఉత్తరం రాయండి.