సూది ముల్లు, సముద్రపు ముల్లు

"శుక్రవారం భోజనానికి మన తొట్టిలో చేపలే కావాలి. నువ్వే పట్టు," అని మదాం చెప్పినప్పుడు నాకు తోచింది ఒకటే. ఈవిడ నన్ను పరీక్షిస్తోంది.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. దుబాయ్ నుంచి కొండల వైపు గంటన్నర దూరంలో మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానికి, ఖర్జూరం తోట ఉండేది. తోట మధ్యలో ఇల్లు, ఇంటి వెనక బోరు నీళ్ళు నింపే పెద్ద సిమెంటు తొట్టి. తొట్టి అంటే చిన్నదేం కాదు, మా ఊరి కాలవ రేవంత వెడల్పు. ఆ నీళ్ళలో దోమలు పుట్టకుండా తినేస్తాయని ఒక ఈజిప్టు ఇంజినీరు చేపలు తెచ్చి వదిలాడు. అరచెయ్యంత పలక చేపలు, వీపు మీద ముళ్ళ వరస. ఇంట్లో కఫీల్ తల్లి, ఆవిడకు వండిపెడుతూ నేను, గేటు పక్క గదిలో తోటమాలి. కఫీల్, ఆయన భార్య మదాం, పిల్లలు గురువారం సాయంత్రం వచ్చి శుక్రవారం చీకటి పడకముందే వెళ్ళిపోయేవారు.

నెలకోసారి తోట చూడడానికి వచ్చే ఆ ఇంజినీరే, అంతకుముందు వారం మదాం ఎదుట తొట్టిలోకి రొట్టెముక్కలు విసిరి చూపించాడు. ఇదివరకు రొట్టె పడితే నీళ్ళు ఉడికినట్టు కదిలేవి. ఆ రోజు నాలుగైదు చేపలు వచ్చి తిని పోయాయి. "తోటలో హరామీ ఉన్నాడు," అన్నాడాయన. హరామీ అంటే దొంగ అని అప్పటికే నాకు తెలుసు. మదాం నన్ను చూసింది, తోటమాలిని చూసింది. "ఎవరో తేలనీ. ఆ మనిషి మర్నాడే విమానం ఎక్కుతాడు," అంది.

నా పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. నా ఆరేళ్ళ పిల్లాడు గోదావరి అవతల మా అమ్మ దగ్గర ఉన్నాడు. వాడి తండ్రి పోయాక వాళ్ళిద్దరి నోట్లోకి పోయే ముద్ద నేను ఇక్కడ గిన్నె కడిగితేనే. దొంగ అన్న పేరుతో పంపేస్తే ఏ ఏజెంటూ మళ్ళీ నా మొహం చూడడు. పైగా నేనే ఒకసారి నవ్వుతూ, మాది గోదావరి మదాం, చేప లేనిదే మాకు ముద్ద దిగదు అని చెప్పాను. ఆ మాట ఆవిడ మరిచిపోయి ఉండదు.

నా అనుమానం మాత్రం తోటమాలి మీదే. అతనిది కరీంనగర్ వైపు పల్లె. వాళ్ళ ఇంట్లో అందరూ చెరువుల మీద వలలేసి బతికినవాళ్ళేనని అతనే చెప్పాడు. శుక్రవారం తెల్లారగట్ల, ఇంట్లో అందరూ నమాజు చేసుకునే వేళ, అతను తొట్టి వైపు నుంచి రావడం రెండు మూడుసార్లు చూశాను. అడగలేదు. చూసి ఊరుకున్నాను.

ఆ వారం మదాం ఒక్కతే ముందుగా బుధవారమే వచ్చింది. ఆవిడ ఆ మాట చెప్పిన సాయంత్రమే అతను వంటింటి వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నిన్ను చేపలు వట్టమన్నరట గద. గిదో నా గాలం, తీస్కపో. దారం గట్టిది, ఎడ్లను గట్టినా తెగది."

చూస్తే వేలెడంత ఉక్కు ముల్లు, దాని వెనక లావుపాటి నైలాన్ దారం.

"ఇదెక్కడిది నీకు?"

"దుబాయ్ల డేరా బజార్ల దొర్కుతది. మన కఫీల్ డ్రైవర్ తెచ్చిండు. సముద్రం మీద వోయెటోళ్ళు వాడ్తరు."

"తొట్టిలో చేపకి సముద్రం ముల్లెందుకు తమ్ముడూ?"

"గంతకంటె చిన్నది దొర్కలే."

"అంటే వాడావన్నమాట."

అతను ముల్లును అటూ ఇటూ తిప్పాడు. "తీస్కుంటవా, తీస్కోవా?"

"నాకొద్దులే. నా తిప్పలేవో నేను పడతాను."

"మీ గోదారోళ్ళు ఎవ్వల మాట ఇనరు," అని వెళ్ళిపోయాడు.

అతను పోయాక చాలాసేపు ఆలోచించాను. ఉత్తపుణ్యానికి గాలం ఎందుకిస్తాడు? రేపు ఏ చేప నోట్లోనో పాత గాటు కనిపిస్తే, అది నా చేతిలో ఉన్న ముల్లుకు సరిపోవాలనా?

మా నాన్న నన్ను బడికి పంపలేదు. అక్షరాలు అమ్మ వంటింట్లో బైబిలు మీద నా వేలు పట్టుకుని నేర్పింది. గాలం నాన్న కాలవ గట్టున నేర్పాడు. చేప నోరు చూసి ముల్లు కట్టమనేవాడు, నీ ఆకలి చూసి కాదు. ఈ చేపల నోరు చిన్నది, పెదవి పల్చన. వేలెడంత ముల్లు వేస్తే ఎర చుట్టూ కొరుక్కుని పోతాయి. ఒకవేళ తగులుకున్నా పెదవి చిరుగుతుంది.

అక్కడే నాకు చిక్కొచ్చింది. సరైన గాలం కట్టి చకచకా పట్టానంటే, ఇది రోజూ చేసే పనే అనుకుంటుంది మదాం. మొద్దు గాలం కట్టి ఒక్కటీ పట్టలేదంటే, గోదావరి దాన్నని చెప్పి కావాలని నటిస్తోందనుకుంటుంది. ఎటు చూసినా దొంగనే. గురువారం మధ్యాహ్నం కుట్టుపెట్టె ముందేసుకుని, లావు సూది తియ్యనా సన్న సూది తియ్యనా అని కూర్చుండిపోయాను. లావు సూదే చేతికి తీసుకున్నాను కూడా. రాని పని వచ్చినట్టు చెప్పడం అబద్ధమైతే, వచ్చిన పని రానట్టు చేయడమూ అబద్ధమేనని మనసు పీకింది. ప్రభువా, నాకీ చెయ్యి ఇచ్చింది నువ్వూ మా నాన్నా, దీన్ని వంకర చెయ్యలేను అనుకుని, లావు సూది పెట్టెలో పడేసి సన్నది తీశాను.

స్టవ్ మీద ఎర్రగా కాల్చి పట్టకారుతో వంచాను. దానికి వెనక్కి తిరిగిన మొన ఉండదు కాబట్టి, చేప తగిలాక దారం వదులు కాకుండా చూసుకోవాలి, అంతే. మదాంను అడిగి పూసలు గుచ్చే సన్నని నైలాన్ దారం తీసుకున్నాను. ఆ తేట నీళ్ళలో లావు దారం తాడులా కనబడుతుంది మరి. అయిపోయిన టూత్‌పేస్టు గొట్టం కత్తిరించి చిన్న ముక్క దారానికి చుట్టి బరువు చేశాను. నీళ్ళ మీద తేలే బెండుకు టేప్‌రికార్డర్ పెట్టెలో వచ్చిన థర్మోకోల్, శనగగింజంత. అంతకన్నా పెద్దదైతే చేప లాగినప్పుడు బరువు తెలిసి వదిలేస్తుంది. గాలం కర్రకి వెదురు లేదు గనక పచ్చి ఖర్జూరపు మట్ట చివర చీల్చుకున్నాను. ఎండుమట్ట వంగదు, విరుగుతుంది. ఎరకి నిన్నటి ఖుబుస్ రొట్టె పిసికి, అందులో పిసరంత దూది కలిపాను. దూది ఉంటే ముద్ద నీళ్ళలో విడిపోదు.

శుక్రవారం పొద్దున్న ఎండ మొహం మీద పడేలా పడమటి గట్టున కూర్చున్నాను. అలా కూర్చుంటే మన నీడ వెనక్కి పడుతుంది, చేప బెదరదు. మదాం ఖర్జూరం చెట్టు కింద కుర్చీ వేయించుకుంది. మొహానికి బుర్ఖా కట్టుకుంటే ఆవిడవి కళ్ళే కనిపిస్తాయి, ఆ కళ్ళు నా చేతుల మీదే ఉన్నాయి. తోటమాలి బకెట్టు పట్టుకుని నా వెనక నిలబడ్డాడు. ఆవిడ సగం అరబ్బీలో, సగం హిందీలో మాట్లాడేది. నాకు అర్థమైనంత రాస్తున్నాను.

"దూది ఎందుకు?"

చెప్పాను.

"ఎవరు నేర్పారు?"

"మా నాన్న, మదాం."

"ఇక్కడ ఎన్నిసార్లు చేశావు?"

"ఇదే మొదలు."

ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది. నమ్మలేదని దాంతోనే తెలిసింది.

పంపు నీళ్ళు పడే మూల దగ్గర, నీడా ఎండా కలిసే చోట మూరెడు లోతున వేశాను. కాసేపటికి బెండు మునగలేదు, పక్కకి నడిచింది. నాన్న చెప్పినట్టు గుంజకుండా మణికట్టు మాత్రం పైకి లేపాను. చేప వచ్చింది. స్తోత్రం అనుకుని ముల్లు తీయబోతే దాని నోటి మూల కనిపించింది. పెదవి చిరిగి, మాని, తెల్లగా గట్టిపడి ఉంది. పాత గాటు. నా బొటనవేలు ఇట్టే పట్టేంత పెద్దది.

వెనక బకెట్టు చప్పుడైంది. తిరిగి చూడకుండానే అతనూ చూశాడని తెలిసింది.

"చూపించు," అంది మదాం.

బొటనవేలు ఆ గాటు మీదే ఉంచాను. తీస్తే అతను విమానం ఎక్కుతాడు. తీయకపోతే నేను. చేప చేతిలో కొట్టుకుంటోంది.

"చూపించమన్నాను."

తీశాను. ఆవిడ కుర్చీ లోంచి లేచి వచ్చి వంగి చూసింది. "దీన్ని ఇదివరకే పట్టారు. నువ్వే."

"నా ముల్లు ఇదిగో మదాం, ఈ గాటులో మూడోవంతు లేదు. ఇది పెద్ద ముల్లు చేసిన పని."

ఆ మాట అన్నాక నా నాలుక కొరుక్కోవాలనిపించింది. ఎవరి ముల్లని నేను చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది.

"నాదే మదాం," అన్నాడు తోటమాలి హిందీలో. బకెట్టు కింద పెట్టాడు.

"ఎన్ని తిన్నావు?"

"ఒక్కటి గూడ తినలే." తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "అక్కా, నువ్వే జెప్పు ఆమెకు. మా దిక్కు మొదటి చాప గంగమ్మది. నీళ్ళల్లనే ఇడుస్తం. రెండోది మనది. ఇన్ని శుక్రారాలల్ల నాకు రెండోది వడితే గద. నువ్వు జూశినవ్ గద ఆ ముల్లు, దానికి వారానికి ఒక్కటి చిక్కుడే ఎక్కువ. అదేమో గంగమ్మకే వాయె."

అది విన్నాక ఒక్క క్షణం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మదాంకు చెప్పాను. ఆవిడ నమ్మలేదు. "పట్టినదాన్ని ఎవరు వదులుతారు? మీరిద్దరూ కూడబలుక్కున్నారు."

అప్పుడు నాకు తట్టింది. దేవుడే తట్టించాడనుకుంటాను.

"మదాం, దొంగిలించిన చేప కూరలో ఉండాలి కదా. గాటుతో సహా ఈ తొట్టిలో ఎందుకుంటుంది? తిన్న చేప మళ్ళీ నా గాలానికి రాదు. మీకు అనుమానమైతే భోజనానికి కావలసినవన్నీ పడతాను, ఒక్కో నోరూ మీరే చూడండి."

ఆవిడ కుర్చీలోకి తిరిగి వెళ్ళి, "యల్లా, కానివ్వు," అంది.

ఎండ నెత్తికెక్కేలోపు ఎనిమిది పట్టాను. నీళ్ళు వేడెక్కినకొద్దీ బెండు పైకి జరిపి లోతు పెంచుకుంటూ పోయాను. ఒక్కోదాన్నీ ఆవిడే బకెట్టు లోంచి తీసి, నోరు తెరిచి చూసింది. మూడింటికి గాట్లున్నాయి. ఒకదానికైతే రెండు. "దీన్ని రెండు శుక్రారాలు ఇడిశిన," అన్నాడు తోటమాలి చిన్నగా. "మల్ల మల్ల అదే వస్తది, సిగ్గులేనిది."

మదాంకు తెలుగు రాదు. కానీ నేను నవ్వు ఆపుకోవడం చూసి ఏమన్నాడని అడిగింది. చెప్పాను. బుర్ఖా వెనక నవ్విందో లేదో తెలియదు. చేతులు కడుక్కుని, "ఖలాస్. వండు," అంది. తర్వాత తొట్టి వైపు చూస్తూ, తనలో తను అనుకున్నట్టు అడిగింది, "మరి మిగతావి ఏమయ్యాయి?"

తర్వాతి నెల ఇంజినీరు వచ్చే రోజు మదాం మమ్మల్నిద్దర్నీ గాలాలతో చెరో గట్టునా కూర్చోమంది. ఎందుకో చెప్పలేదు. తోటమాలికి నేనే ఒక సూది వంచి ఇచ్చాను. ఇంజినీరు కారు దిగి, వెనక సీటు లోంచి ఒక ఐసు పెట్టె, మడిచిన చిన్న వల బయటికి లాగుతూ మమ్మల్ని చూశాడు. చూసి, రెండూ మళ్ళీ లోపల పెట్టేశాడు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, కాగితం మీద ఏదో రాసుకుని, చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

"చేపల్ని పరీక్ష చేయించడానికి తీసుకెళ్తాడేమో," అన్నాను, నా నోటికే నమ్మకం లేక.

"పరీక్షకు ఐసెందుకక్కా? అల్లం బెల్లుల్లి గూడ తెచ్చిండేమో అడుగరాదు."

నేనైతే కళ్ళారా ఏమీ చూడలేదు, కాబట్టి ఆయన తీశాడని రాయను. ఆ తర్వాత కొన్ని నెలలకు రొట్టె వేస్తే నీళ్ళు మళ్ళీ ఉడికినట్టు కదిలాయని మాత్రం రాస్తాను. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మమ్మల్ని విమానం ఎక్కిస్తానన్నట్టు ఆయన్ని ఎక్కిస్తాననడం ఎవరి వల్లా కాదు.

ఆ ఏడాది చివర నా వీసా పొడిగించే కాగితం మీద సంతకం పడింది. మదాం దాన్ని వంటింటి గట్టు మీద ఉప్పు డబ్బా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. స్టవ్ ఆపి, అక్కడే నేల మీద మోకరించి స్తోత్రం చెప్పుకున్నాను. తర్వాత అమ్మకి ఉత్తరం రాశాను, ఇంకో రెండేళ్ళు పిల్లాడి చదువుకి బెంగ లేదని. చేపల సంగతి రాయలేదు. ఊరి పోస్టులో వేయడానికి ఉత్తరం ఇవ్వాల్సింది తోటమాలికి. ఆ తోటలో నేను కాక తెలుగు చదవగలిగింది అతనొక్కడే. మంచివాడే. అయినా కవరు జిగురుతో అంటించాక, అన్నం మెతుకు మెదిపి దాని మీద మరోసారి అంటించాను.